తూర్పు తలుపు

కోటిలింగానికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! ఆశ్రమం ఆశ్రమమంతా తెల్లారగానే లేచి, పడమటికి తిరిగి సూర్యుడికి దణ్ణం పెడుతోంది. ఒక్కడికీ సిగ్గు లేదు!

అతను ఎడ్లబండిలో నిద్రపోతూ ఆ కొండెక్కాడు. బండి ఎన్ని మలుపులు తిరిగిందో ఎరగడు. దిగిన రోజే ముసురు పట్టింది. అప్పట్నుంచీ సూర్యుడి మొహం చూసినవాడు లేడు. రోజూ పొద్దున్నే కోటిలింగం ఒక్కడే అందరికీ వీపు పెట్టి కూర్చునేవాడు.

ఇంతలో పెద్దస్వామికి దగ్గు ముదిరింది. ఆయన పాక కారిపోతోంది. కొత్తది వేసే పని కోటిలింగం తన నెత్తినేసుకున్నాడు.

"ఈ కాలంలో పడమటి జల్లు కొడుతుంది నాయనా. తలుపు తూర్పుకి పెట్టు," అన్నాడు స్వామి.

ద్వారబంధం నిలబెడుతుంటే పాత శిష్యుడు సింహాద్రి వచ్చాడు. "తమ్ముడూ, అది పడమరరా."

"నాకు దిక్కులు నేర్పుతావా? బుద్ధెరిగాక దారి తప్పినవాణ్ణి కాను! ఈ తలుపు తిప్పావో, ఇప్పుడే మూట కట్టుకుని కొండ దిగిపోతాను!"

సింహాద్రి పెద్దస్వామి వైపు చూశాడు. ఆయన చాప చుట్టుకుని కొత్త పాకలోకి వెళ్ళి పడుకున్నాడు.

సాయంత్రం జల్లు నేరుగా తలుపులోంచి కొట్టింది. చాప తడిసింది. స్వామి దగ్గు ఎక్కువైంది. కోటిలింగం గోనెపట్టా అడ్డం పట్టుకుని గుమ్మంలో నిలబడి, వానని తిట్టాడు.

"ఆషాఢంలో తూర్పు గాలేమిటి! కాలానికి కూడా బుద్ధి లేకుండా పోయింది!"

మర్నాటికి మబ్బు విడిచింది. వెనక తడిక సందుల్లోంచి ఎర్రటి ఎండ వచ్చి స్వామి చాప మీద పడింది.

కోటిలింగం పాక చుట్టూ పరుగెత్తి వెళ్ళి చూశాడు. పాక వెనక సూర్యుడు పొడుస్తున్నాడు.

లోపల్నుంచి స్వామి దగ్గుతూనే కేకేశాడు. "వాడికీ చెప్పిరా, అటు పొడవకూడదని!"

కోటిలింగం వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. కోపం ఇంకా ఉంది. అదిప్పుడు ఎవరి మీదో తెలియడం లేదు.

"కళ్ళారా చూశాను స్వామీ. అయినా నా లోపల మాత్రం," గుమ్మం వైపు చెయ్యి చూపించాడు, "ఇదే తూర్పంటోంది. ఏం చెయ్యను?"

స్వామి మూలనున్న పలుగు తీసి అతని చేతికిచ్చి, ఎండ పడుతున్న వెనక తడిక చూపించాడు.

"అననీ. తలుపు మాత్రం అటు పెట్టు."