రెండు తాళ్ళ వల

పోలయ్య గురువుగారిని ఎంత పెద్ద ప్రశ్న అడిగినా ముందు జవాబు రాదు, మజ్జిగ వస్తుంది. శేషగిరి రెండో గ్లాసు కూడా ఖాళీ చేసి, ఇక ఆగలేక అడిగేశాడు.

“వయసైపోయినవాళ్ళను ఎన్నాళ్ళు మొయ్యాలి గురువుగారూ?”

శేషగిరి ఓ జీడిపప్పు కార్ఖానాలో మేనేజరు. వయసు ముప్పై రెండు, మీసం మాత్రం నలభై అయిదుది. పెద్దవాళ్ళ చాదస్తం కుర్రవాళ్ళ చేతులకు అడ్డమని, పప్పు ఏరేవాళ్ళను కిందటేడు రెండుగా విడదీశాడు. పడుచువాళ్ళకు కొత్త హాలు, పెద్దవాళ్ళకు పాత షెడ్డు. ఇప్పుడు హాల్లో రోజుకు నలభై డబ్బాలు నిండుతుంటే షెడ్డులో పాతిక దాటడం లేదు. షెడ్డువాళ్ళను ఇంటికి పంపెయ్యమన్నాడు యజమాని. సోమవారంలోగా జాబితా మీద సంతకం పెట్టాలి. అందులో మొదటి పేరు చిన్నమ్మడుది. శేషగిరికి పప్పు చేత్తో పట్టి మంచీ చెడూ చూడటం నేర్పింది ఆవిడే.

గురువుగారు సన్యాసం పుచ్చుకోకముందు జాలరి. అలివి వల ఎప్పుడైనా లాగావా అని అడిగారు. లేదన్నాడు శేషగిరి. సముద్రంలో అర్ధచంద్రంలా పరిచే పెద్ద వల అది. రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు సమంగా లాగాలి. ప్రతి జట్టులోనూ ముసలీ పడుచూ కలిసే ఉండేవారు. ముసలివాళ్ళు అలకో కథ చెబుతారని పంతొమ్మిదేళ్ళ పోలయ్యకు మహా విసుగు. ఒకనాడు పడుచువాళ్ళందరినీ ఒకే తాడు మీదికి పోగేసి, రెండో తాడు తాతలకు వదిలేసి, ఎవరు ముందో చూద్దామని సవాలు విసిరాడు. గుర్రప్ప తాత ముక్కుపొడుం దట్టించి సరేనన్నాడు.

పడుచువాళ్ళ కొస ముందు ఒడ్డెక్కింది. ఇసకలో గంతులు కూడా అయ్యాయి. అంతలో వల వంకరగా వచ్చింది. వదులైన వైపు నుంచి చేపల గుంపంతా జారిపోగా, మిగిలింది నాచూ, నాలుగు పీతలూను. ఆ పూట జాలరిపేటంతా గంజే.

“గెలిచార్రా నాయనా. వండుకోండి,” అన్నాడు గుర్రప్ప తాత.

ఆ సవాలుకు ఒళ్ళు మండి తాతలు కూడా కావాలనే చేతులు జార్చారట. పదేళ్ళ తరవాత గాని ఒప్పుకోలేదు. అది చెప్పి గురువుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక శేషగిరి గ్లాసులో మళ్ళీ మజ్జిగ పోశారు. ఆ తాతల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. పేటలో తాతంటే ఈయనే.

కొత్త హాల్లో నిండి, పుచ్చుపప్పుందని తిరిగొచ్చిన డబ్బాలు శేషగిరికి గుర్తొచ్చాయి. ఇందాక తన గోడంతా చెప్పినప్పుడు వాటి ఊసెత్తలేదు. గురువుగారు అడగలేదుగా మరి. జేబులో జాబితాను తడుముకుంటూ, వల వంకరైన మర్నాడేం చేశారని మెల్లగా అడిగాడు.

“నా ముందు తాత, తాత ముందు మరో కుర్రాడు. ఎవరు లాగుతున్నారో మాకెవరికీ తెలియలేదు నాయనా,” అన్నారు గురువుగారు. “వల నిండా పడ్డ చేపలకు తెలిసింది.”