యేసోబు కాళ్ళకి చెప్పులు

అనగనగా ఒక ఊరట. ఆ ఊళ్ళో చెప్పులు కుట్టే యేసోబు ఉండేవాడట. ఊరందరి కాళ్ళకీ ఆయన కుట్టిన చెప్పులే. కానీ పెద్దవీధిలోకి అడుగు పెడితే మాత్రం ఆయన తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. బస్సెక్కాలన్నా, బజారుకెళ్ళాలన్నా ఆ వీధే దారి. ఎందుకు విప్పాలీ అంటావా? కులం తక్కువట. ఎవరు కొలిచారో మరి, వాళ్ళ మొహం మండ.

యేసోబుకి సువార్త అని ఒక్కతే కూతురు. టౌనులో కాలేజీకి వెళ్ళేది. ఎండాకాలం సెలవులకి ఇంటికొచ్చి చూస్తే నాన్న అరికాళ్ళ నిండా బొబ్బలు. ఏంటి నాన్నా ఇవి అంటే, సిమెంటు రోడ్డేశారు కదమ్మా, బాగా కాలుతోంది అన్నాడు. 

ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు నాన్న చేత చెప్పులు తొడిగించి, చెయ్యి పట్టుకుని పెద్దవీధిలోకి తీసుకెళ్ళింది.

మొదటి అరుగు మీది ముసలాయన, కళ్ళు నెత్తికెక్కాయేంట్రా అన్నాడు. యేసోబు వంగబోయాడు. కూతురు చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత రెండో అరుగు. అక్కడి ఆడవాళ్ళు, చదువుకుందిగా, కొమ్ములొచ్చాయని మూతులు తిప్పారు. అయినా నడిచారు. అప్పుడు మూడో అరుగు వచ్చింది. అది ప్రెసిడెంటు వీరభద్రం గారిది. ఆయన కర్ర అడ్డం పెట్టి, "విప్పరా" అన్నాడు.

ఆ అరుగు మీదే ఆయన మనవడు రఘు, వాడి స్నేహితులు కూర్చునున్నారు. మంచి పిల్లలేనమ్మా. సువార్తతో చదువుకుంటున్నవాళ్ళే. మనుషులంతా ఒకటేనని స్టేజీలెక్కి చెప్పి కప్పులు తెచ్చుకున్నవాళ్ళే. ఇప్పుడేమో బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. నాకు ఆ ప్రెసిడెంటు మీద కన్నా వీళ్ళ మీదే ఎక్కువ కోపం. ఆయన బుద్ధెలాగూ అంతే, వీళ్ళకేం రోగం?

సువార్త తాతని వదిలేసి మనవడి వైపు తిరిగింది. "రఘూ, నీ కాళ్ళకున్నవి మా నాన్న కుట్టినవే. నువ్వు తొడుక్కుని కూర్చుంటావు, ఆయన చేత్తో పట్టుకుని నడుస్తాడు. అంతేనా?"

రఘు తల దించుకున్నాడు. తల దించుకుంటే కాళ్ళే కనపడ్డాయి. అప్పుడు లేచి, తాత కర్ర పట్టుకుని పక్కకి తీశాడు.

"నా ఇంట్లో అన్నం తినవుట్రా నువ్వు?" అన్నాడు వీరభద్రం గారు.

"తినను తాతయ్యా" అని అరుగు దిగిపోయాడు. వాడు దిగాక మిగతావాళ్ళూ దిగారు. ముందే దిగొచ్చుగా సన్నాసులు!

సువార్త థాంక్స్ చెప్తుందనుకున్నాడేమో రఘు. చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? రోడ్డేమన్నా వాడి తాతదా?

ఆ తర్వాత యేసోబు వీధి చివరిదాకా చెప్పులతోనే నడిచాడు. చివరికొచ్చాక ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు.

"అమ్మా, ఇంకోసారి నడుద్దామా?" అన్నాడు.

ఇంక పడుకో బంగారం. కానీ విను, ఎప్పుడన్నా నువ్వు అలాంటి అరుగు మీద నోరు మూసుకుని కూర్చున్నావని తెలిసిందా, ఈ అమ్మమ్మ చేతిలో నీ వీపు విమానం మోతే.

కథేమో కంచికి,
చెప్పులేమో కాళ్ళకి,
మనమేమో దుప్పట్లోకి.