నొక్కి చూడని కొలత

సైదా మేస్త్రిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. గుంటూరు ఆటోనగర్‌లో ఆయన నడిపే, కారు ఇంజన్ల టర్బోలు బాగుచేసే షెడ్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న అంజిబాబుకు ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ అడిగాడు. అతనికి అడగడానికి ఇంకెవరూ లేరు పాపం.

అతని కోపానికి తాళలేక భార్య నాగమణి కూతురిని తీసుకుని తెనాలిలో పుట్టింటికి వెళ్ళి మూడు నెలలైంది. చెయ్యి చేసుకునే మనిషి కాదు కానీ, కంచాలు విసిరేవాడు. మూడేళ్ళ పిల్ల ఆ చప్పుడుకు మంచం కిందికి దూరేది.

"గురువుగారూ, ఈ మూడు నెలల్లో నా నోట ఒక్క పెద్ద మాట రాలేదండీ. కూరలో ఉప్పెక్కువైనా, వండింది నేనే కదా అని తినేశాను. కోపం పోయినట్టేగా? ఆదివారం వెళ్ళి వాళ్ళని తెచ్చుకోనా?"

మేస్త్రి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఆ ఎర్రకారు టర్బో అయిందన్నావు, పట్టుకురా."

బండికి ఇంకా వేగం కావాలని యజమాని ముచ్చటపడితే, టర్బోలో ఇంజనుకు గాలిని తోసే చక్రం తీసి పెద్దది వేశారు. దానికి సరిపడా చుట్టూ ఉన్న గూడును లేతు మీద చెక్కించారు. చక్రం రెక్కలకూ గూడుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. అది తిరిగేది నిమిషానికి లక్ష చుట్లు, ఆ ఊపుకు కాస్త పక్కకు ఒరుగుతుంది కూడా. ఎక్కడ తగిలినా రెక్కలు విరిగి ఇంజను లోపలికే పోతాయి. అంజిబాబు రేకుల గేజి దూర్చి చుట్టూ కొలిచి చూపించాడు. అంతటా ఒక్కటే సందు. వంక పెట్టడానికి లేదు.

మేస్త్రి సొరుగులోంచి కాటుక డబ్బీ తీశాడు. ఆ షెడ్డులో కాటుక కళ్ళకు కాదు, రెక్కల అంచులకు. సన్నగా పూసి, చక్రాన్ని బొటనవేలితో ఓ పక్కకు నొక్కి పట్టుకుని మెల్లగా తిప్పాడు. కర్రుమంది. గూడు లోపల నల్లటి గీత పడింది.

"మళ్ళీ విప్పు."

"అలా వేలు పెట్టి నెడితే తగలకేం చేస్తుందండీ! మూడు రోజుల నా కష్టం మీకు వేళాకోళంగా ఉందా?" అంజిబాబు చేతిలోని గేజి వెళ్ళి గోడకు కొట్టుకుంది. రేకులు చెల్లాచెదురుగా పడ్డాయి. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

అంజిబాబు తన చేతి వంక చూసుకున్నాడు. తరువాత కింద కూర్చుని రేకులు ఒక్కొక్కటే ఏరాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మేస్త్రికి కోపం రాలేదు. గూటిని వెలుతురుకేసి పట్టి చూశాడు. "పారేయాల్సిన పనిలేదులే. ఇంకాస్త చెక్కాలి, అంతే."

"మరి ఆదివారం..." అని అంజిబాబు మధ్యలోనే ఆగిపోయాడు.

మేస్త్రి బొటనవేలికి అంటిన కాటుక గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు:

"నేను నొక్కింది ఒక్క వేలితోనే కదరా."