మగ్గం గుంటలో తేలిన గడియకుడుక

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చెయ్యవచ్చు. మా అత్తగారు వరసగానే చెప్పింది. నాకే ఈ మధ్య కొన్ని జారిపోతున్నాయి. మిగిలినవి కూడా పోకముందే రాసి పెడుతున్నాను.

ఒకానొక రాజ్యంలో, కొండవాలున కట్టిన పట్నంలో, ఒకదాని కింద ఒకటిగా మూడు చెరువులుండేవి. ఎగువది నిండితే నడిమి చెరువుకు, అది నిండితే దిగువ చెరువుకు, అక్కడి నుంచి అలుగు దాటి వాగులోకి నీళ్ళు పోయేవి.

ఏటా తొలకరికి ముందు రైతులు, జాలర్లు, కుమ్మర్లు, రజకులు, నేతగాళ్ళు కట్ట మీద అయిదు చాపలు పరుచుకుని కూర్చునేవారు. ఏ తూము ఎప్పుడెత్తాలో పొద్దస్తమానం పోట్లాడుకుని, పొద్దు వాలేసరికి ఒక మాట మీదికి వచ్చేవారు.

ఒక ఏడు కేతభూపతి అనే రాజు అటుగా ఊరేగింపుతో వెళ్ళాడు. పోట్లాటలో పడి ఎవరూ లేచి దండం పెట్టలేదు. రాజుకు తల కొట్టేసినట్టయింది.

"చెరువులు నావి, నీళ్ళు నావి. ఇక మాట కూడా నాదే" అన్నాడు. రాజముద్ర లేకుండా తూము ఎత్తినవాడి చెయ్యి నరికిస్తానన్నాడు. నీళ్ళ గురించిన మనవి ఏదైనా పౌర్ణమినాడే వింటానన్నాడు. పైగా అలుగు కింద చల్లగా ఉందని అక్కడొక పూలతోట వేయించి, చుట్టూ గోడ కట్టించాడు.

మరుసటి ఏడు వాన పట్టుకుంది. ఆరు రోజులు వదల్లేదు.

ఎగువ కట్ట కిందే నేతవీధి. అక్కడ చౌడమ్మ అనే నేతగత్తె ఉంది. ఇంట్లో కోడలు నాలుగు రోజుల బాలెంతరాలు. ఆరో రోజు పొద్దున చౌడమ్మ మగ్గం మీద కూర్చుని దాని కింది గుంటలో కాళ్ళు పెడితే చీలమండలు మునిగాయి. మగ్గం గుంటలోకి నీరు ఊరిందంటే కట్ట అడుగున చెమ్మ దారి చేసుకుందన్న మాట. ఆ సంగతి నేతవీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

తూముల కావలి మైలారయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన రెండు చేతులూ చూపించాడు.

"ఈ రెండూ పోయినా ఎత్తుదును వదినా. మొదటి తూము ఎత్తగానే ఒకటి పోతుంది. మిగతా రెండూ ఎవరెత్తుతారు?"

అక్కడి నుంచి సింగన ఇంటికి వెళ్ళింది. సింగన కొలువులో గడియలు చూసే ఉద్యోగి. అడుగున సన్నని చిల్లున్న రాగికుడుకను నీళ్ళ మీద వదులుతాడు. అది నిండి మునిగితే ఒక గడియ అయినట్టు. మాటకారి అని పేరేగాని మహా పిరికివాడు.

"సింగన్నా, పౌర్ణమి ఎన్నాళ్ళుంది?"

"తొమ్మిది రోజులక్కా."

"నా గుంటకు అన్ని రోజుల ఓపిక లేదు. బిడ్డను ఎత్తుకుపోదామంటే వీధి నిండా పిల్లలే."

సింగన కుడుకను ఉత్తరీయంలో చుట్టుకుని కోటకు వెళ్ళాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు ఏటా కట్టే పట్టుపంచెకు తొలిపోగు రాజే నెయ్యాలి. కుడుక మునిగేదాకా మగ్గం దిగకూడదు. ముందే దిగితే సింహాసనం దిగినట్టే. ముహూర్తం చెప్పేది సింగనే.

"ప్రభూ, ముహూర్తం ఇవాళే వచ్చింది. చౌడమ్మ మగ్గం మీద" అన్నాడు.

రాజు వానలోనే పల్లకిలో వచ్చి, మగ్గం మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి జార్చాడు. పిక్కలు తడిశాయి.

"ఇదేమిటే, నీళ్ళు?"

"తమవే ప్రభూ" అంది చౌడమ్మ.

సింగన కుడుకను ఆ గుంట నీళ్ళ మీదే వదిలాడు. రాజు రెండు పోగులు నేశాడు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఒక కప్ప ఒడిలోకి గెంతింది. పక్కగదిలో పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. రాజు చెయ్యి ఆగిపోయింది.

"కుడుక మునగదేం? పైకి వస్తోందే."

"గడియ ఇంకా కాలేదు ప్రభూ. కుడుక ముందు మునుగుతుందో వీధి ముందు మునుగుతుందో నా విద్యకు అందడం లేదు."

రాజు ముఖం పాలిపోయింది. "సింగనా, ఈ నీళ్ళ సంగతి ముందు చూడు."

సింగన పళ్ళు టకటకలాడుతుండగానే చేతులు కట్టుకున్నాడు. "నీళ్ళ మనవి కదా ప్రభూ. రాసుకున్నాను. పౌర్ణమినాడు తమ ముందే చదువుతాను."

భటులు తలలు వంచుకున్నారు. సింగన కళ్ళు మూసుకుని తన మెడ తడుముకున్నాడు.

"ఆ ఆజ్ఞ రద్దు. ఎగువ తూము ఎత్తండి" అన్నాడు రాజు.

పల్లకి వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ మైలారయ్య కదల్లేదు. "ఎగువది ముందెత్తితే నడిమి కట్ట తెగుతుంది ప్రభూ. దిగువది ముందు, తర్వాత నడిమిది, ఆఖరున ఎగువది. అదైనా నా ఒక్కడి వల్ల కాదు. అలుగుకు చేపల కోసం కట్టిన తడికలు జాలర్లే విప్పాలి. కాలువల్లో పశువులను రైతులు తోలుకోవాలి. రేవులు రజకులు ఖాళీ చెయ్యాలి. గండి పడితే పూడ్చే బంకమట్టి ఎక్కడుందో కుమ్మర్లకే తెలుసు."

"అయితే అందరినీ పిలవండి."

"తమరు పిలిస్తే చేతులు నరకడానికనుకుని పారిపోతారు" అంది చౌడమ్మ. "నేను పిలుస్తాను."

సింగన కుడుకను తన వేలితో గుంటలో ముంచి తీశాక రాజు దిగాడు. అందరూ వానలో కట్టెక్కారు. రాజును చూసి బిగుసుకుపోయారు. చివరికి ఒక ముసలి జాలరి ముందుకొచ్చాడు.

"తడికలు విప్పుతాం దొరా. విప్పినా నీళ్ళు వాగుకు పోవు. అడ్డంగా తమ తోట గోడ ఉంది."

రాజు గోడ వంక చూశాడు. కింద నేతవీధి కప్పుల వంక చూశాడు. "పడగొట్టండి" అని, తానే ముందు నడిచాడు.

గోడ పడింది. దిగువ తూము లేచింది. తర్వాత నడిమిది. ఎగువది లేచేసరికి చౌడమ్మ ఇంట్లో నీళ్ళు కోడలి మంచం కోళ్ళను తాకాయి. అక్కడ ఆగి, మెల్లగా వెనక్కి తీశాయి.

అప్పుడు రాజు కుడుకను అడిగి తిప్పి చూశాడు. చిల్లులో మైనం పెట్టి ఉంది.

"ఓరి సింగనా, ఇది ఏనాటికి మునిగేది?"

"తమ ముద్ర పడేనాటికి ప్రభూ."

రాజు బురద ముఖంతోనే విరగబడి నవ్వాడు. చేతి కంకణం తీసి సింగనకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"ఇకనుంచి కట్ట మీద ఆరు చాపలు పరవాలి. ఆరోది తమకు."

"సింహాసనం కాదా?"

"చాపే ప్రభూ. కూర్చుంటే అందరూ ఒకే ఎత్తులో కనబడాలి."

రాజు మళ్ళీ నవ్వి సరేనన్నాడు. "వచ్చేటప్పుడు పంచె పైకి దోపుకుని రండి" అంది చౌడమ్మ.

ఆ తర్వాత ఏటేటా ఆరు చాపలూ పడ్డాయి. అయినా వాన పట్టిన ప్రతిసారీ చౌడమ్మ ముందుగా గుంటలో కాలు పెట్టి చూసేదట, ఊపిరి బిగబట్టి.

అమ్మాయీ వకుళా, మీ అమ్మ మా అత్తగారి కూతురే కదా, ఆమెకు కూడా ఈ కథ తెలుసు. రాజు పేరు కేతభూపతో మరొకటో, మైలారయ్యను మా అత్తగారు ఇంకేమని పిలిచేదో ఆమెనడిగి సరిచూడు. పేర్లు తప్పయితే దిద్దు. దిగువది, నడిమిది, ఎగువది అన్న వరస మాత్రం ముట్టుకోకు. అది నేను మూడుసార్లు చదివి చూసుకున్నాను.