పండితుడి ఇంటికి ముగ్గు

తాపీమేస్త్రి బైరాగి ఊరి పిల్లలకు తాడుతో లెక్కలు నేర్పేవాడు. పన్నెండు సమభాగాలుగా ముడులేసిన తాడును ముగ్గురు పిల్లలు మూడు, నాలుగు, ఐదు భాగాల చొప్పున బిగించి పట్టుకుంటే గోడమూల సరిగ్గా కుదిరేది.

అది ఆస్థాన గణితపండితుడు నరహరిశాస్త్రికి గిట్టలేదు. బైరాగిని రాజుగారి సభకు పిలిపించాడు.

"ప్రభూ, రేఖాగణితమంటే కూర్చుని శ్లోకాలు వల్లెవేయాలి. పదిహేనేళ్ళ పిల్లలతో ఈ తాళ్ళాటలేమిటి? మాన్పించండి" అన్నాడు.

బైరాగికి ప్రాణం ఉసూరుమంది. అయినా చేతులు కట్టుకుని, "అలాగే మానేస్తాను ప్రభూ. రేపు శాస్త్రిగారి కొత్తింటి పునాదికి మేం ముగ్గు పోయాలి. మా బదులు ఆయన శిష్యులే వచ్చి, శ్లోకాలు చదివి మూలలు పెడతారు" అన్నాడు.

శాస్త్రి గతుక్కుమన్నాడు. "మా ఇంటికా? వాళ్ళొద్దు, గోడలు వంకరపోతాయి. ఆ తాడు పిల్లల్నే పంపు."

రాజు నవ్వాడు. "మీ శిష్యుల్నీ పంపండి శాస్త్రిగారూ, తాడు పట్టుకోవడం నేర్చుకుంటారు."