అప్పలమ్మ పోసిన ఆయిలు

అనగనగా ఒక అడవిలో, దారులన్నీ కొండలెక్కి దిగుతూ ఉండే అడవిలో, అప్పలమ్మ అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా పిల్లలూ? ఒళ్ళంతా పొలుసులుంటాయి. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. అప్పలమ్మకి బండ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. జాకీ పెట్టకుండానే ఏ బండి కిందికైనా దూరిపోయేది కాబట్టి ఆమెకి మంచి గిరాకీ.

అదే అడవిలో భూషయ్య అనే అడవిదున్న ఉండేవాడు. మనసు మంచిదే, గొంతే మరీ పెద్దది. "కాసిన్ని మంచినీళ్ళివ్వండి" అన్నా చాలు, పక్క చెట్టు మీద పిట్టలు లేచిపోయేవి. ఈమధ్యే ఆయన పట్నంలో ఎవరో వాడి అమ్మిన ఖరీదైన పెద్ద కారు కొన్నాడు. నాలుగు చక్రాలూ కలిసి లాగే కారు. అంత దున్న కారులో ఎలా పట్టాడని మాత్రం నన్ను అడక్కండి. పట్టాడు, అంతే.

భూషయ్య కూతురు బంగారి ఘాటురోడ్డుకి అవతల అత్తవారింట్లో ఉంది. తొలి కాన్పు. కొంగ డాక్టరమ్మ వెళ్ళి చూసొచ్చి, "దూడ అడ్డం తిరిగి ఉంది. ఇంట్లో కాన్పు వద్దు. నాలుగు రోజుల్లో మన ఆసుపత్రికి తీసుకొచ్చెయ్యండి" అని చెప్పింది. ఆ కొండ ఎక్కి దిగాలంటే భూషయ్య కారు తప్ప వేరే దిక్కు లేదు. ఆ కారేమో మలుపు తిప్పినప్పుడల్లా గుడగుడమని వణుకుతోంది. వెంటనే షెడ్డుకి తెచ్చాడు.

అప్పలమ్మ బండి కిందికి దూరి చూసి బయటికొచ్చింది.

"భూషయ్యగారూ, ఈ బండి పొట్ట కింద ఒక పెట్టె ఉంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని పంచేది అదే. అన్నం పెట్టే అమ్మ లాంటిదనుకోండి. అందులో ఆయిలు పాడైపోయింది. మార్చాలి."

"అయితే మార్చెయ్!" అన్నాడు భూషయ్య.

అప్పలమ్మ కారు సొరుగులోంచి బండి పుస్తకం తీసింది. దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చింపలేదు. ఆ కవరు చింపి, పేజీలు తిప్పి, ఒక చోట గోరు పెట్టి చూపించింది.

"ఈ పెట్టెకి ఆయిలు వేరేగా ఉంటుంది. ఇదిగో దాని నంబరు. లోపల సన్నటి ప్లేట్లుంటాయి, వాటికి ఇదే పడుతుంది. మన దగ్గర లేదు. గద్ద గంగులు పట్నం వెళ్ళి తేవాలి. రెండు రోజులు పడుతుంది."

"రెండు రోజులా!" అని భూషయ్య అరిచాడు. షెడ్డు రేకులు అదిరాయి.

ఆ అరుపు విని ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఉచిత సలహా ఇవ్వడానికి మన అడవిలో ఎవరికీ బద్ధకం ఉండదు.

ముందు ట్రాక్టర్ నడిపే అడవిపంది పెంటయ్య వచ్చాడు. "మా ట్రాక్టర్ గేరాయిలు పోయండి. గరిట నిలబడేంత చిక్కగా ఉంటుంది. ఎంత చిక్కనైతే అంత బలం!" అన్నాడు.

తరవాత నెమలి వచ్చింది. "చిక్కదనం ఎవరిక్కావాలి? స్టీరింగులో పోసే ఎర్రాయిలు పోయండి. ఎంత అందంగా ఉంటుందో!" అంది.

చివరికి ఆయిలు కొట్టు నాగలింగం వచ్చాడు. నాగలింగం నక్క. చంకలో బంగారు రంగు డబ్బా.

"బాబుగారూ, మీరెవరు? మీ కారేమిటి? మీ హోదాకి ట్రాక్టర్ ఆయిలా? ఇది నా కొట్టులో అన్నిటికన్నా ఖరీదైన ఇంజనాయిలు. ఏ పెట్టెలో పోసినా పనిచేస్తుంది. పుస్తకాలు చదివితే బండ్లు నడుస్తాయా?" అన్నాడు.

భూషయ్యకి మీసం లేదుగానీ, ఉంటే అప్పుడు మెలేసేవాడే. "విన్నావా అప్పలమ్మా? అదే పొయ్!"

"అది మంచి ఆయిలేనండీ, కానీ ఇంజనుకి మంచిది. ఈ పెట్టెకి..."

"పొయ్యమన్నానా లేదా!"

అప్పలమ్మ ఠక్కున బంతిలా చుట్టుకుపోయింది. కాసేపటికి విప్పుకుని, ఇంకేం మాట్లాడకుండా బండి కిందికి దూరింది. ముందు కొత్త ఆయిలు పోసే పై నట్టు వస్తుందో లేదో చూసుకుంది. వచ్చాకే కింది నట్టు విప్పి పాత ఆయిలు దింపింది. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి అది. పద్ధతంతా సరిగ్గానే ఉంది. పోసిందే తప్పు. తప్పని తెలిసే పోసింది.

భూషయ్య వెళ్ళిపోయాడు. అప్పలమ్మకి ఆ పూట చీమలు కూడా సయించలేదు. మనసు ఊరుకోక, సొంతంగా గద్ద గంగుల్ని పిలిచి, నంబరు చీటీ మీద రాసిచ్చి పట్నం పంపించింది. అయినా స్థిమితం లేదు. చీటీ పంపితే ఏం లాభం? భూషయ్య రేపు పొద్దున్నే బయల్దేరతాడు. ఘాటులో పద్దెనిమిది మలుపులు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. తిరిగొచ్చేటప్పుడు కారులో బంగారి ఉంటుంది.

చెప్పేస్తే ఆయన చంపేస్తాడేమో. షెడ్డు మూయించేస్తాడేమో. చెప్పకపోతే?

తెల్లారింది. సంత మైదానం పక్క రోడ్డు మీద కారు వస్తోంది. అప్పలమ్మ రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడింది. భూషయ్య హారన్ కొట్టాడు. ఆ మోతకి పాపం, ఆమె మళ్ళీ బంతిలా చుట్టుకుపోయింది. కానీ దొర్లుకుంటూ పక్కకి పోలేదు. అక్కడే ఉంది. కారు కీచుమని ఆగింది.

"దారికడ్డం ఏమిటిది?" అని భూషయ్య దిగాడు.

బంతిలోంచి సన్నటి గొంతు వినపడింది.

"భూషయ్యగారూ, నిన్న నేను పోసింది తప్పు ఆయిలండీ. తప్పని తెలిసే పోశాను. మీరు అరిస్తే భయపడి పోశాను. తప్పు నాదే. నన్నేమైనా చెయ్యండి, ఘాటు మాత్రం ఎక్కకండి."

రోడ్డు పక్క కొట్టులోంచి నాగలింగం పరుగెత్తుకొచ్చాడు. "నమ్మకండి బాబుగారూ! ఈవిడకి నా కొట్టంటే కడుపుమంట!"

"అయితే నన్నూ నమ్మకండి, ఆయన్నీ నమ్మకండి. కారునే అడగండి. మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక్క చుట్టు చుట్టండి" అంది అప్పలమ్మ.

భూషయ్య కారెక్కి స్టీరింగు తిప్పాడు. కారు రెండు బారలు వెళ్ళింది. ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఆగింది. మళ్ళీ గుంజుకుంది. మళ్ళీ ఆగింది. కింద నుంచి టకటకమని కొట్టుకుంది. నిన్నటి వణుకే నయం! చుట్టు సగం కూడా పూర్తవలేదు. భూషయ్య ఇంజను ఆపేశాడు. కొట్టులో బేరం వచ్చిందంటూ నాగలింగం ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

భూషయ్య కారు దిగాడు. ఆయన గొంతు ఎవరూ ఎప్పుడూ విననంత మెల్లగా ఉంది.

"ఇందులో నా బిడ్డని కూర్చోబెట్టి లోయ పక్కన తిప్పేవాణ్ణి" అన్నాడు.

కారుని మెల్లగా షెడ్డుకి చేర్చారు. అప్పలమ్మ కింది నట్టు విప్పింది. ఆయిలు పళ్ళెంలోకి దిగింది. ఆమె వేలితో తీసుకుని, ఎండలో పెట్టి చూసింది.

"ఇనప పొడి లేదు! మాడు వాసన కూడా లేదు! ప్లేట్లు బాగానే ఉన్నాయి భూషయ్యగారూ, సమయానికి ఆపాం!" అని అప్పలమ్మ కేక పెట్టింది. భూషయ్య పక్కనున్న టైరు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, "అమ్మయ్య" అన్నాడు. పైకే అన్నాడు, అందరూ విన్నారు.

మర్నాడు పొద్దున్నే గద్ద గంగులు డబ్బాతో దిగాడు. డబ్బా చిన్నది, రంగు సాదాసీదాగా ఉంది. అప్పలమ్మ దాని మీది నంబరు పుస్తకంతో సరిచూసింది. భూషయ్య చూశాడు. గంగులు కూడా ఒకసారి చూశాడు. మూడుసార్లూ సరిపోయింది. ముందు కొంచెం పోసి, లోపల మిగిలిన తప్పు ఆయిలంతా కడిగి దింపేశారు. ఆ తరవాత, పై రంధ్రంలోంచి సన్నగా బయటికి కారేదాకా పోసి నట్టు బిగించారు. మైదానంలో చుట్టు చుట్టి చూశారు. ఒక్క కుదుపు లేదు. పంపకం చక్కగా జరుగుతోంది.

ఆరోజే భూషయ్య ఘాటు ఎక్కాడు. పద్దెనిమిది మలుపులూ మెత్తగా తిరిగాయి. సాయంత్రానికి బంగారి ఆసుపత్రిలో ఉంది. మర్నాడు కొంగ డాక్టరమ్మ బయటికొచ్చి, "ఆడదూడ. తల్లీబిడ్డా క్షేమం" అంది. భూషయ్య సంతోషం పట్టలేక ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాడు. డాక్టరమ్మ "ష్!" అంటూ ముక్కు మీద వేలేసుకుని ఆయన్ని బయటికి పంపించింది.

బయట అప్పలమ్మ నిలబడి ఉంది. భూషయ్య ఆమె ముందు తల వంచాడు.

"అప్పలమ్మా, నీ మేలు మరిచిపోను. కానీ ఒక్కటి అడుగుతాను. మొదటి రోజే గట్టిగా చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పబోయానండీ. సగంలో ఉండగా మీరు అరిచారు" అంది అప్పలమ్మ.

భూషయ్య ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని, గొంతు బాగా తగ్గించి, "ఇప్పుడు చెప్పమ్మా, వింటాను. కారుకి ఇంకా ఏమేం చూడాలి?" అని అడిగాడు.

నీతి: ఖరీదు చూసి కాదు, తగినదేదో తెలుసుకుని వాడాలి, తెలిసినవాళ్ళు భయపడి నిజం దాచకూడదు, వినేవాళ్ళు అరిచి వాళ్ళ నోరు మూయకూడదు.