పోలమ్మకు దొరికిన రోము కాసు

కుమ్మరి పోలమ్మ ఏటి ఒడ్డున మట్టి తవ్వుతుంటే ఒక బంగారు కాసు బయటపడింది. దారిన పోతున్న నాణేల అధికారి విరూపాక్షయ్య గుర్రం దిగకుండానే ఆమె అరచేతిలోకి తొంగి చూసి, "రోము చక్రవర్తి కాసే అది" అన్నాడు. మర్నాడు రాజుగారి దగ్గరికి పోయి, అది తన తల్లి కాసులపేరులోదనీ, పోలమ్మ తెంపుకుపోయిందనీ ఫిర్యాదు చేశాడు.

"గద్ద ముక్కు, తలకు ఆకుల దండ, చుట్టూ రోము అక్షరాలు. చూసుకోండి ప్రభూ."

రాజుగారు పోలమ్మను కాసుతో సహా పిలిపించి చూశారు. అన్నీ సరిపోయాయి. ఇక పోలమ్మను ఊరినుంచి వెళ్లగొట్టడమే తరువాయి.

"అయ్యా, ఒక్క మాట" అంది పోలమ్మ, అధికారితో. "కాసులపేరుకు గుచ్చారు గదా, ఆ చిల్లు తలపైన ఉందా, గడ్డం కింద ఉందా?"

విరూపాక్షయ్య నవ్వాడు. "పిచ్చిదానా, చక్రవర్తిని ఎవరైనా తలకిందులుగా వేలాడదీస్తారా? తలపైనే."

రాజుగారు కాసును ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. చిల్లే లేదు.

"మీ అమ్మగారు దీన్ని మెడకు జిగురుతో అంటించుకునేవారా?" అన్నారు.

ఊరు విడిచింది విరూపాక్షయ్య. పోలమ్మ ఆ సాయంత్రమే కంసాలి దగ్గర కాసుకు చిల్లు పెట్టించుకుంది. తలపైనే. పెద్దాయన చెప్పాడు గదా మరి.